ఫైర్‌ఫాక్స్ బిల్డ్ చేయడానికి కొత్త ల్యాప్‌టాప్ కొనాలా?

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను సర్. ఫైర్‌ఫాక్స్‌లో ఏదైనా చిన్న బగ్ ఫిక్స్ చేద్దామని ఒక వీడియో చూసి సోర్స్ కోడ్ దించుకున్నా, బిల్డ్ పెట్టా. రాత్రంతా నడిచింది, పొద్దున లేచి చూస్తే ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయిపోయి ఉంది. విండోస్ 11, ర్యామ్ 8 జీబీ. నాన్నను కొత్త ల్యాప్‌టాప్ అడగాలా? (ఒక విద్యార్థి, ఖమ్మం)

జవాబు: అడగొద్దు. మీరు చేద్దామనుకుంటున్న పనికి ఇప్పుడున్నదే సరిపోతుంది. మీరు పెట్టింది ఫుల్ బిల్డ్, అంటే ఫైర్‌ఫాక్స్‌లో ఉన్న సీ ప్లస్ ప్లస్, రస్ట్ కోడ్ అంతటినీ మీ ప్రాసెసరే మొదటినుంచీ కంపైల్ చేయాలి (యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చాలి). దానికి గంటలు పట్టడం, మధ్యలో ర్యామ్ చాలకపోవడం మామూలే. కానీ ట్యాబ్‌లు, టూల్‌బార్, సెట్టింగ్స్ పేజీ లాంటి కంటికి కనిపించే భాగమంతా దాదాపు జావాస్క్రిప్ట్, హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌లలోనే ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు పట్టుకునే బగ్‌లు చాలావరకు అక్కడివే.

అలాంటివాళ్ల కోసమే ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా 'ఆర్టిఫ్యాక్ట్ మోడ్' అని ఒకటి పెట్టింది. కంపైల్ చేయాల్సిన బరువైన భాగాలను వాళ్ల సర్వర్లే ముందుగా కంపైల్ చేసి ఉంచుతాయి, మీ కంప్యూటర్ వాటిని దించుకుని మిగతా ఫైళ్లను జోడిస్తుందంతే. గంటలు పట్టేది నిమిషాల్లో అయిపోతుంది. ఇంత మంచి సదుపాయాన్ని చాలా వీడియోల్లో అసలు ప్రస్తావించకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఇది తెలియక ఓపెన్ సోర్స్ మన వల్ల కాదులే అని మానేసే పిల్లలు ఉన్నారు.

విండోస్‌లో ముందు 'మొజిల్లా బిల్డ్' అనే ప్యాకేజీ వేసుకోవాలి. దాన్ని సీ డ్రైవ్‌లో అది అడిగినచోటే పెట్టనివ్వండి. ఆ ఫోల్డర్‌లో ఉండే స్టార్ట్-షెల్ ఫైలును నడిపితే వచ్చే నల్ల విండోలోనే ఇక పనంతా. సోర్స్ కోడ్‌ను సీ డ్రైవ్‌లోనే విడిగా ఒక ఫోల్డర్ పెట్టి అందులో ఉంచండి, డెస్క్‌టాప్ మీద గానీ డాక్యుమెంట్స్‌లో గానీ వద్దు. కారణం ఉంది. విండోస్‌లో యూజర్ పేరును మనం ఇంటిపేరుతో సహా పెట్టుకుంటాం కదా, మధ్యలో ఖాళీ వస్తుంది. ఫోల్డర్ దారిలో ఆ ఖాళీ ఉంటే బిల్డ్ ఎక్కడో మధ్యలో ఆగిపోతుంది, వచ్చే ఎర్రర్ చూస్తే ఖాళీకీ దానికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. అలాగే విండోస్ డిఫెండర్‌లో ఈ ఫోల్డర్లను స్కాన్ నుంచి మినహాయించండి, లేకపోతే వేలాది చిన్న ఫైళ్లలో ప్రతిదాన్నీ తనిఖీ చేస్తూ అది వేగాన్ని తినేస్తుంది. డిస్క్‌లో కనీసం 40 జీబీ ఖాళీ చూసుకోండి.

తర్వాత 'మాక్ బూట్‌స్ట్రాప్' కమాండ్ (మాక్ అంటే mach, ఫైర్‌ఫాక్స్ కోడ్‌తో పాటే వచ్చే టూల్) ఇస్తే మీకు ఏ రకం బిల్డ్ కావాలని ఒక జాబితా చూపిస్తుంది. డెస్క్‌టాప్ ఆర్టిఫ్యాక్ట్ మోడ్ మొట్టమొదటే ఉంటుంది, అదే ఎంచుకోండి. పాత ఫుల్ బిల్డ్ మిగిల్చిన చెత్తను 'మాక్ క్లాబర్'తో తీసేసి 'మాక్ బిల్డ్', అది అయ్యాక 'మాక్ రన్'. తెరుచుకునే బ్రౌజర్ విడిగా తాత్కాలిక ప్రొఫైల్‌తో నడుస్తుంది కాబట్టి మీరు రోజూ వాడే ఫైర్‌ఫాక్స్‌లోని పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు ఏమవుతాయో అని టెన్షన్ అక్కర్లేదు.

ఇక్కడితో సెటప్ అయిపోయిందనుకోకండి. మీరు మార్చింది మీ తెర మీద కనిపించినప్పుడే అయినట్టు. సెట్టింగ్స్ పేజీలో ఏదైనా ఒక మాట పట్టుకోండి, ఫైర్‌ఫాక్స్ కోడ్‌ను వెతకడానికి ఉన్న సెర్చ్‌ఫాక్స్ సైట్‌లో వెతికితే అది ఏ ఫైలులో ఉందో చెప్పేస్తుంది (తెర మీది మాటలు ఎక్కువగా ఎఫ్‌టీఎల్ ఫైళ్లలో ఉంటాయి). ఆ ఇంగ్లిష్ మాట తీసి తెలుగులో మీ పేరు రాసి సేవ్ చేసి, 'మాక్ బిల్డ్ ఫాస్టర్' ఇచ్చి మళ్లీ నడపండి. సెట్టింగ్స్ పేజీలో మీ పేరు కనిపిస్తే కోడ్ ఎక్కడుందో, మార్పు ఎలా చేరుతుందో తెలిసిపోయినట్టే. ఆ మార్పును వెనక్కి తీసేసి, కోడ్‌ట్రిబ్యూట్ సైట్‌లో కొత్తవాళ్ల కోసం గుర్తుపెట్టిన బగ్‌లలో ఒకటి చూసుకోండి.

ఒక్క జాగ్రత్త. ఈ మోడ్‌లో సీ ప్లస్ ప్లస్ ఫైలు మారిస్తే ఆ మార్పు బిల్డ్‌లోకి రాదు. ఆ స్థాయికి వెళ్లినప్పుడు ఫుల్ బిల్డ్ గురించి ఆలోచిద్దాం. ఎక్కడైనా ఇరుక్కుంటే మొజిల్లా మ్యాట్రిక్స్ చాట్‌లో ఇంట్రడక్షన్ రూమ్ ఉంది, నిస్సంకోచంగా అడగండి. అయితే స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టకండి, అక్షరాలే కాపీ చేసి పెట్టండి, అదీ చివరి లైన్ కాదు, పైకి స్క్రోల్ చేస్తే మొట్టమొదట కనిపించే ఎర్రర్. కిందవన్నీ చాలాసార్లు దాని పిల్లలే.

ప్రశ్న: మా ఊళ్లో మొబైల్ హాట్‌స్పాటే దిక్కు. పెద్ద ప్రాజెక్టు ఏది గిట్‌తో క్లోన్ చేసినా (కోడ్ అంతా దించుకున్నా) సగంలో నెట్ పోతుంది, మళ్లీ సున్నా నుంచి మొదలు. దారి లేదా?

జవాబు: ఆగిన క్లోన్‌ను ఆగినచోటి నుంచి కొనసాగించడం గిట్‌కు (కోడ్‌నూ దాని మార్పుల చరిత్రనూ దాచే టూల్) రాదు. అందుకని ఒకేసారి అంతా అడగకండి. క్లోన్ కమాండ్‌కు డెప్త్ 1 అని ఇస్తే పాత చరిత్రంతా వదిలేసి తాజా కోడ్ మాత్రమే దిగుతుంది. తర్వాత మిగతాది తెచ్చే ఫెచ్ కమాండ్‌కు డీపెన్ ఆప్షన్ ఇచ్చి చరిత్రను విడతలవారీగా తెచ్చుకోవచ్చు, ఏదో ఒక విడత తెగినా అంతకుముందు దిగింది పోదు. ఇంతకంటే తేలిక, కాలేజీలో మంచి నెట్ ఉన్న స్నేహితుడి దగ్గర అదే ప్రాజెక్టు ఉంటే ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. డాట్ గిట్ అనే దాచిన ఫోల్డర్‌తో సహా తేవాలి. ఆ తర్వాత ఫెచ్ కొడితే తేడా మాత్రమే దిగుతుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్ 32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేసుకోండి.

ప్రశ్న: విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లైనక్స్ నడిపేది) వేసుకుని ఎల్ఎల్‌వీఎం (కంపైలర్ల ప్రాజెక్టు) బిల్డ్ చేస్తున్నా. లింకింగ్ (కంపైల్ అయిన ముక్కలను ఒకటిగా కలిపే దశ) దగ్గరికి వచ్చేసరికి 'కిల్డ్' అని ఆగిపోతోంది. ర్యామ్ 16 జీబీ ఉంది కదా!

జవాబు: ఉంది, కానీ డబ్ల్యూఎస్ఎల్ 2 మామూలుగా అందులో సగమే తీసుకుంటుంది. డీబగ్ బిల్డ్‌లో (తప్పులు వెతకడానికి అదనపు సమాచారం చేర్చే రకం) ఎల్ఎల్‌వీఎం లింకింగ్ ర్యామ్‌ను విపరీతంగా లాగుతుంది, ఒకేసారి నాలుగైదు లింకులు నడిస్తే లైనక్స్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపేస్తుంది, ఆ 'కిల్డ్' అదే. బిల్డ్ రకాన్ని రిలీజ్‌గా మార్చండి, ప్యారలల్ లింక్ జాబ్స్ ఆప్షన్‌ను 1 చేయండి, టార్గెట్లలో (ఏ ప్రాసెసర్ల కోసమో చెప్పే జాబితా) మీ ప్రాసెసర్‌ది ఒక్కటే ఉంచండి. కోడ్ సీ డ్రైవ్‌లో ఉంటే దాన్ని లైనక్స్ వైపు హోమ్ ఫోల్డర్‌లోకి మార్చండి, వేగంలో తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: నాది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. పీహెచ్‌పీ కొద్దిగా వచ్చు. నాకు సరిపడే ప్రాజెక్టు ఉందా? (ఒక డిగ్రీ విద్యార్థిని, కర్నూలు)

జవాబు: ఉందమ్మా, మీరు బహుశా రోజూ చూసేదే. తెలుగు వికీపీడియా నడిచేది మీడియావికీ అనే సాఫ్ట్‌వేర్ మీద, అది రాసింది పీహెచ్‌పీలో. కంపైల్ చేయాల్సిన పనే లేదు. పీహెచ్‌పీ, కంపోజర్ (పీహెచ్‌పీ ప్యాకేజీలు తెచ్చే టూల్), గిట్ ఉంటే చాలు. డేటాబేస్‌కు విడిగా సర్వర్ పెట్టకుండా ఎస్‌క్యూలైట్‌తో ఇన్‌స్టాల్ చేసే కమాండ్ మీడియావికీలోనే ఉంది, దాన్ని కంపోజర్‌తో నడపాలి, ఆపైన 'కంపోజర్ సర్వ్' ఇస్తే మీ సొంత వికీ 4000 పోర్టులో తెరుచుకుంటుంది.

తెరవగానే రంగూ రూపూ లేని పేజీ, స్కిన్ (పేజీకి రూపం ఇచ్చేది) దొరకలేదన్న మాట కనిపిస్తే కంగారు పడకండి. మీడియావికీ అసలు కోడ్‌తో పాటు స్కిన్‌లు రావు. వెక్టర్ స్కిన్‌ను స్కిన్స్ ఫోల్డర్‌లోకి విడిగా క్లోన్ చేసి, లోకల్ సెట్టింగ్స్ ఫైలులో దాని పేరు చేర్చాలి. బగ్‌ల జాబితా వికీమీడియా వాళ్ల ఫ్యాబ్రికేటర్ సైట్‌లో ఉంటుంది, మీరు రాసిన ప్యాచ్‌ను (కోడ్ మార్పును) దాన్ని పరిశీలించే గెరిట్ సైట్‌లో పంపాలి. తెలుగు అక్షరాల వరుస, వెతుకులాట లాంటి చోట్ల తేడా కనిపిస్తే దాన్నే పట్టుకోండి, ఎందుకంటే అది తప్పో ఒప్పో తెలుగు చదివేవాళ్లే చెప్పగలరు.