ఏనుగు ఊరి పాటలు

"భాష తెలియకపోయినా, వింటే చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చే పాటలు మీకు ఉన్నాయా? ఉంటే ఏవి? కొత్తవాళ్ళు వాటిని ఎక్కడ మొదలుపెట్టి వినాలి?" అని కొందరు అడిగారు. నాకు ఉన్నాయి. అవి ఇగ్బో పాటలు. నైజీరియా తూర్పు ప్రాంతంలో ఇగ్బో అనే జాతివాళ్ళు పాడుకునే హైలైఫ్ సంగీతం.

నైజీరియాలో 1976లో అందరికీ ఉచిత ప్రాథమిక విద్య అని ఒక పథకం మొదలుపెట్టారు. బడులు పెరిగాయి, చెప్పేవాళ్ళు చాల్లేదు. చమురు డబ్బు బాగా వస్తున్న రోజులు. మన దేశం నుంచి లెక్కలు, సైన్సు చెప్పే మాస్టార్లు చాలామంది వెళ్ళారు. వాళ్ళలో మా నాన్న ఒకరు. తెనాలి దగ్గర హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పుకునే మనిషి 1978లో మమ్మల్ని తీసుకుని ఎనుగు అనే ఊరికి వచ్చి పడ్డారు. నాకు ఆరేళ్ళు, చెల్లికి మూడు.

ఎనుగు అంటే వాళ్ళ భాషలో కొండ మీద అని అర్థం. బొగ్గు గనుల మూలంగా పెరిగిన ఊరు. మా అమ్మమ్మకి ఆ పేరు ఎప్పుడూ నోరు తిరగలేదు. ఇన్‌లాండ్ కవర్ల నిండా "మీ ఏనుగు ఊళ్ళో వానలు పడ్డాయా? మీ ఏనుగు ఊళ్ళో చింతపండు దొరుకుతుందా?" అని రాసేది. మాకూ అదే అలవాటైంది. ఇప్పటికీ ఇంట్లో మేము ఏనుగు ఊరు అనే అంటాం.

అద్దెకున్న ఇంట్లో గోడకి అవతలి వాటా ఒక ఇగ్బో కుటుంబానిది. ఆయన రైల్వేలో గుమాస్తా. ఆవిడ ఒగ్బెతే మార్కెట్లో బట్టలు అమ్మేవారు. అక్కడ పెళ్ళయిన ఆడవాళ్ళని సొంత పేరుతో పిలవరు, పెద్దబిడ్డ పేరు చేర్చి "మామా ఫలానా" అంటారు. తెలుగులో మామ అంటే అమ్మ తమ్ముడు కదా, చెల్లి కొన్నాళ్ళు తికమక పడింది. తర్వాత మా ఇంట్లో మామా అంటే ఆవిడే, పాపా అంటే ఆయనే.

పాపాకి ఒక రికార్డ్ ప్లేయర్ ఉండేది. చెక్కపెట్టె, పైన మూత, ముందు వైపు గోధుమరంగు గుడ్డ. ముల్లు ఎగిరిపోకుండా దాని తల మీద ఒక కోబో నాణెం, అంటే అక్కడి పైసా, టేపుతో అతికించారు. సాయంత్రం ఆయన డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తెల్ల బనీనుతో కూర్చుని రికార్డు తీసేవారు. ఊదేవారు కాదు, మెత్తటి గుడ్డతో గుండ్రంగా తుడిచేవారు. అప్పటికి మేమిద్దరం వాళ్ళ గుమ్మంలో ఉండేవాళ్ళం.

కరెంటు తరచూ పోయేది. పాట మధ్యలో పోయిందంటే రికార్డు ఒక్కసారిగా ఆగదు. గొంతు బరువెక్కి, సాగి, సాగి, ముసలాయన మూలుగులా అయి ఆగేది. చీకట్లో అందరం అలాగే కూర్చునేవాళ్ళం. పాపా స్విచ్ తియ్యరు, ముల్లూ ఎత్తరు. అరగంటకో గంటకో కరెంటు రాగానే వీధంతా పిల్లలు కేక పెట్టేవాళ్ళు, ఆ కేకలోంచి పాట అడుగు నుంచి పైకి లేచి, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్ళీ అందుకునేది. ఈ రోజుకీ ఆ పాటలు నా బుర్రలో ఆ ఆగిన చోట్లతో సహా ఉన్నాయి. ఇప్పుడు ఫోన్‌లో అదే పాట ఆగకుండా సాగిపోతుంటే ఏదో దాటేసినట్టు ఉంటుంది.

హైలైఫ్ పుట్టింది నైజీరియాలో కాదు, ఘనా తీరంలో. సైన్యపు బ్యాండ్ల బాకాలు, ఓడల మీద వచ్చిన గిటార్లు, చర్చి పాటలు, ఊళ్ళోని దరువులు అన్నీ కలిసి, గత శతాబ్దం మొదట్లో తయారైంది. డబ్బున్నవాళ్ళ క్లబ్బుల్లో వాయిస్తుంటే లోపలికి వెళ్ళలేని జనం బయట నిలబడి విని, ఇది గొప్పోళ్ళ బతుకు అంటూ ఆ పేరు పెట్టారని చెప్తారు. 1950ల్లో ఘనా నుంచి ఇ. టి. మెన్సా బృందం వచ్చి వాయించాక లాగోస్‌లో అదే మోజు. ఇగ్బోల చేతికొచ్చాక గిటార్ ముందుకొచ్చింది. ఒక గిటార్ రెండు మూడు స్వరాలనే తిప్పి తిప్పి వాయిస్తుంటే, ఇంకోటి దాని సందుల్లోంచి దూరుతూ పోతుంది. దానికి తోడు ఓగెనె అనే ఇనుప గంట, ఎక్వె అనే లోపల తొలిచిన దుంగ. ఉడు అని ఒక మట్టికుండ కూడా ఉంటుంది. పక్కన ఇంకో బొక్క ఉంటుంది, అరచేత్తో దాన్ని మూసి తీస్తే బావిలో బిందె మునిగేటప్పుడు వచ్చే చప్పుడు వస్తుంది. మొదటిసారి విని అమ్మ "ఇది మన ఘటానికి చుట్టం" అంది.

మాటలు మాకు తెలియవని అన్నాను గానీ, ఆ భాషలో మాటే సగం పాట. అక్వా అనే ఒక్క మాట గొంతు పైకెత్తి దించే తీరుని బట్టి ఏడుపు అవుతుంది, గుడ్డ అవుతుంది, గుడ్డు అవుతుంది, మంచం అవుతుంది. కాబట్టి రాగం తన ఇష్టమొచ్చినట్టు పోవడానికి లేదు, మాట వెంట నడవాలి. అందుకేనేమో మాకు అర్థం కాకపోయినా ఎవరో మాతో మాట్లాడుతున్నట్టే ఉండేది.

ఇంకో సంగతి పెద్దయ్యాక గానీ నాకు తెలియలేదు. మేము వెళ్ళేటప్పటికి, ఆ తూర్పు ప్రాంతం బయాఫ్రా పేరుతో వేరే దేశం కావాలని చేసిన యుద్ధం ముగిసి ఎనిమిదేళ్ళే. 1967 నుంచి 1970 దాకా ఆ నేల మీదే యుద్ధం, ఆకలి. అయిపోయాక బ్యాంకులో ఎంత దాచుకున్నవాళ్ళకైనా చేతికిచ్చింది 20 పౌండ్లు, అప్పట్లో వాళ్ళ డబ్బు అదే. పాపా ఈ సంగతి నాన్నకి ఒక్కసారే చెప్పారట, మళ్ళీ ఎత్తలేదు. కానీ ఆయన ఎక్కువగా పెట్టే ఓరియెంటల్ బ్రదర్స్ బృందం యుద్ధం అయ్యాక తూర్పున పుట్టుకొచ్చిన గిటార్ బృందాల్లో ఒకటి. అందులో పాడే సర్ వారియర్ గొంతులో ఒక జీర ఉంటుంది, పాట ఎంత హుషారుగా ఉన్నా అది పోదు. ఆ పాటలకి పాపా ఎప్పుడూ లేచి ఆడలేదు. కళ్ళు మూసుకుని వేళ్ళతో కుర్చీ చేతి మీద కొట్టుకునేవారు.

అమ్మమ్మ 1981లో పోయింది. ఉత్తరం మాకు చేరేసరికి పంతొమ్మిది రోజులు. అంటే కర్మలన్నీ అయిపోయాయి, వెళ్ళడానికి డబ్బూ లేదు, వెళ్ళి చేసేదీ లేదు. అమ్మ వంటింటి మెట్టు మీద కూర్చుండిపోయింది. మామా వచ్చి పక్కన కూర్చుని "న్డో" అన్నారు. కాలికి రాయి తగిలినా, జ్వరం వచ్చినా, మనిషి పోయినా వాళ్ళు అనేది ఆ ఒక్క మాటే. మన "అయ్యో"కి దగ్గరగా ఉంటుంది గానీ దానికంటే మెత్తన. ఎన్నాళ్ళు పాటిస్తారని మామా అడిగితే అమ్మ పది వేళ్ళూ చూపించింది.

ఆ రోజు నుంచి గోడ అవతల పాట లేదు. రేడియో కూడా లేదు. మొదటి రోజు నేను గమనించలేదు. రెండో రోజు సాయంత్రం పాపా బనీనుతో వచ్చి కూర్చుని, ఆ చెక్కపెట్టె వంక చూసి, ఊరికే అలా కూర్చున్నారు. వాళ్ళ పిల్లలు గట్టిగా నవ్వినా మామా కసిరేవారు. పొద్దున్నే ఆకులో చుట్టిన ఒక్పా పంపేవారు. పప్పు పిండి పామాయిల్‌తో కలిపి ఆకులో ఉడికించేది, మన పొట్టిక్కల వరసలో ఉంటుంది. అమ్మ తినేది కాదు, మేము తినేవాళ్ళం.

పదకొండో రోజు సాయంత్రం పాపా ఇస్త్రీ చొక్కా వేసుకుని మా వీధి గుమ్మంలోకి వచ్చారు. అంతకుముందు ఎప్పుడూ పెరటి దారినే వచ్చేవారు. నాన్నతో "టీచా, ఇవాళ పాట పెట్టుకోవచ్చా?" అని అడిగారు. నాన్నకి ఏం చెప్పాలో తోచలేదు. లోపల్నుంచి అమ్మే వచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో, నెమ్మదిగా పాడే ఆయన పాట పెట్టమంది.

ఆ నెమ్మదిగా పాడే ఆయన సెలెస్టిన్ ఉక్వు. మేము అక్కడికి వెళ్ళడానికి ఏడాది ముందే, 1977లో, రోడ్డు ప్రమాదంలో పోయారు. ఆయన తన బృందానికి ఫిలాసఫర్స్ నేషనల్ అని పేరు పెట్టుకున్నారు, పాటలూ అలాగే ఉంటాయి. ఆ సాయంత్రం పెట్టింది ఇజె ఎను. ఈ లోకంలో మనిషి ప్రయాణం అని దాని అర్థం పాపా నాన్నకి చెప్పారు. అమ్మ గోడకి ఆనుకుని విన్నది. నేను ఆవిడ కొంగు పట్టుకుని ఉన్నాను, అది మాత్రం బాగా గుర్తు.

స్వీట్ మదర్ పాట మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1976లో ప్రిన్స్ నికో ఎంబార్గా పాడి ఆఫ్రికా అంతా ఊపేసిన తల్లి పాట. ఒనిత్సా ఊళ్ళోని రోజర్స్ ఆల్ స్టార్స్ కంపెనీ విడుదల చేసింది. అది ఇగ్బోలో కాదు, అందరికీ అర్థమయ్యే పిడ్జిన్ ఇంగ్లీషులో ఉంటుంది. అమ్మకీ అర్థమయ్యేది. అందుకని పాపా ఆ రికార్డుని దొంతరలో అన్నిటికంటే అడుక్కి నెట్టేశారు. ఏడాది దాకా దాన్ని బయటికి తీయలేదు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

తర్వాత 1984 వచ్చింది. ఆ ఏడాది ఎక్కడికెళ్ళినా స్టీఫెన్ ఒసితా ఓసదెబె పాడిన ఒసొండి ఒవెండి. బస్సుల్లో, మంగలి షాపుల్లో, పెళ్ళిళ్ళలో అదే. ఆయన అరిచి పాడరు, తొందరపడరు, భోజనమయ్యాక అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పినట్టు పాడతారు. ఆ పేరుకి ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చదు అని అర్థమని పాపా చెప్పగానే నాన్న "లోకో భిన్న రుచిః!" అని గట్టిగా అన్నారు. మా నాన్న గట్టిగా మాట్లాడటం నేను చూసింది చాలా తక్కువ. పాపా ఆ పాట క్యాసెట్‌లో రికార్డు చేసి ఇస్తే, అట్ట మీద తెలుగులో అదే రాసుకున్నారు. అదే ఏడాది ఒక విందులో, పాడేవాళ్ళ నుదుటి మీద నోట్లు అంటించడం అక్కడి ఆనవాయితీ, నాన్న కూడా లేచి వెళ్ళి వణుకుతున్న చేత్తో ఒక నైరా నోటు అంటించి వచ్చారు. అమ్మ ఆ మాట ఇప్పటికీ చెప్తుంది.

చమురు ధర పడిపోయింది, నైరా విలువ దిగజారింది, జీతం మన రూపాయల్లో సగానికి సగం తగ్గింది. 1986లో వచ్చేశాం. ఆ క్యాసెట్ మాతో వచ్చింది. నాన్న పోయి పదిహేనేళ్ళు దాటింది. క్యాసెట్ ఇప్పుడు పాడదు, అట్ట మీది అక్షరాల కోసం ఉంచాను.

ఎక్కడ మొదలుపెట్టాలని కూడా అడిగారు కాబట్టి నాకు తోచింది చెప్తాను. రాత్రిపూట ఒంటరిగా ఉన్నప్పుడు సెలెస్టిన్ ఉక్వు వినండి. ఇంట్లో నలుగురు ఉంటే ఓసదెబె. పాటలు చాలా పొడుగు, రికార్డుకి ఒక వైపంతా ఒకే పాట ఉన్న సందర్భాలున్నాయి. మొదటి మూడు నిమిషాలు విని వదిలేయకండి. అసలు సంగతి గాయకుడు ఆగి గిటార్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటప్పుడు మొదలవుతుంది. ఆలివర్ డి కోక్ అనే ఇంకో హైలైఫ్ గాయకుడి గిటార్ అంటే ప్రాణం పెట్టేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆయన పాటల్లో పెద్దమనుషుల పొగడ్తలు ఎక్కువనిపిస్తాయి.

మైక్ ఎజాగా గురించి చివరికి ఉంచాను. ఆయన ఎనుగు మనిషి, కథలు చెప్తూ పాడేవారు. 1983లో ఆయన పాడినదాంట్లో తాబేలు ఏనుగుని పొగిడి, మభ్యపెట్టి, రాజుగారి దగ్గరికి నడిపించుకుపోతుంది. ఏనుగుని తెచ్చినవాడికే రాజకుమార్తె అని షరతు. తాబేలు పాడుతుంటే వెనక వంతవాళ్ళు "గ్వో గ్వో గ్వో న్‌గ్వో" అంటారు. మామా ఈ కథ మాకు చేతులు తిప్పుతూ చెప్పేవారు. మన కథల్లో నక్క చేసే పనులన్నీ వాళ్ళ కథల్లో తాబేలు చేస్తుంది.

2024లో ఆ పాటకి ఒకతను డాన్స్ చేసిన వీడియో ఫోన్లన్నిటిలో తిరిగింది. మా అమ్మాయి హాల్లో కూర్చుని నవ్వుతూ చూస్తోంది. లోపలి గదిలోంచి అమ్మ వచ్చింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, తలుపు పట్టుకుని నిలబడి, సరిగ్గా వంత రావలసిన చోట "గ్వో గ్వో గ్వో న్‌గ్వో" అంది. మనవరాలు ఫోన్ కింద పెట్టేసింది. "నీకెలా తెలుసు నానమ్మా?" అంటే, "ఏనుగు ఊరి పాటే ఇది, మామా చెప్పేవారు" అని కూర్చుని కథంతా చెప్పింది.

2025 జూన్‌లో ఎజాగా పోయారని వార్త చూశాను. అమ్మకి చెప్పాను. ఏమీ అనలేదు. ఆ సాయంత్రం ఏడింటికి సీరియల్ టైమ్‌కి హాల్లోకి వచ్చి కూర్చుంది, రిమోట్ పక్కనే ఉంది, టీవీ మాత్రం పెట్టలేదు.