క్లబ్ ప్లాన్ పాసయిందో లేదో చూడటం కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట సార్. మా అమ్మాయి బీబీఏ అయిపోయింది, కాలేజీలో ఖోఖో ఆడేది. ఇప్పుడు విజయవాడలో ఒక కాలనీ స్పోర్ట్స్ క్లబ్‌లో చేరతానంటోంది. వాళ్ళు మూడేళ్ళ ప్లాన్ ఒకటి రాసుకున్నారంట, అది సక్సెస్ అవుతుందో లేదో ఈమె చూడాలంట. జీతం తక్కువ. మేమేమో బ్యాంక్ కోచింగ్‌కి పంపిద్దామనుకుంటున్నాం. ఇదసలు ఉద్యోగమేనా?

జవాబు: ఉద్యోగమే సార్, కాకపోతే ఆ పేరుతో పోస్టు ఎక్కడా ఉండదు. కోఆర్డినేటర్ అంటారు, కోచ్ రాని రోజు కోన్లు సర్దేది కూడా ఆమే, ఫీజు రసీదులు రాసేది కూడా ఆమే. అది ముందే తెలిసి వెళ్తే మంచిది.

ఇక ప్లాన్ సంగతి. మన దగ్గర క్లబ్బుల ప్లాన్లు నేను కొన్ని చూశా, చాలావరకు సొసైటీ రిజిస్ట్రేషన్‌కి రాసిన ఉద్దేశాల కాగితమే మళ్ళీ టైప్ చేసినట్టుంటాయి. క్రీడాస్ఫూర్తి పెంపొందించుట, ప్రతిభను వెలికితీయుట, ఇలా. పెరిగిందని ఎట్లా తెలుస్తుందండీ? ఏడాది చివర జనరల్ బాడీ మీటింగ్‌లో కప్పులన్నీ టేబుల్ మీద వరసగా పెట్టి, సమ్మర్ క్యాంప్‌కి ఇంతమంది వచ్చారని చెప్పి, ట్రెజరర్ గారు లెక్కలు గబగబా చదివేసి, సమోసా టీ, అయిపోయింది. ఇంతమంది వచ్చారు అనేది మనం చేసిన పని. వాళ్ళలో ఎంతమంది నిలబడ్డారు, వాళ్ళకేం మారింది అనేది ఫలితం. మీ అమ్మాయి పనంతా ఈ రెంటికీ తేడా పట్టుకోవడమే.

కప్పులు లెక్కపెడితే చాలు కదా అంటారు కమిటీ వాళ్ళు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖనే చూడండి, 2023లో హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు గోల్డులు కొట్టింది. కానీ ఆమె ఆడే కాంపౌండ్ ఆర్చరీ, అంటే కప్పీలున్న విల్లుతో ఆడే ఆట, ఒలింపిక్స్‌లోకి వచ్చేదే 2028 లాస్ ఏంజెలిస్ నుంచి, అదీ మిక్స్‌డ్ టీమ్ ఒక్కటే. ఒలింపిక్ పతకమే కొలబద్ద అని పెట్టుకుని ఉంటే ఇన్నాళ్ళూ ఆమెకి సున్నా మార్కులే పడేవి. తప్పు ఆమెదా, కొలబద్దదా?

ఒక క్లబ్‌లో జరిగింది చెప్తా, పేరు అనవసరం. సాయంత్రం బ్యాచ్‌లో ఆడపిల్లలు తగ్గిపోతున్నారు, కమిటీలో అందరూ ఏమన్నారంటే ఫోన్లకి అలవాటు పడ్డారండీ, ఇంట్రెస్ట్ లేదు అని. నేను అటెండెన్స్ రిజిస్టర్ అడిగా. అట్ట ఊడిపోయి రబ్బర్ బ్యాండ్ వేసి ఉంది, పేజీల మీద కోచ్ గారి టీ గ్లాసు మరకలు. నెల నెలా తిప్పితే దసరా సెలవుల దాకా పిల్లలు బానే వస్తున్నారు, కార్తీకం వచ్చేసరికి ఆడపిల్లల పేర్ల పక్కన వరసగా ఏ, ఏ, ఏ, అంటే ఆబ్సెంట్. మగపిల్లలకి అట్లా లేదు. ఇద్దరు తల్లుల్ని అడిగితే తేలిందేంటంటే, చలికాలం పొద్దు త్వరగా కుంకుతుంది, గ్రౌండ్ నుంచి మెయిన్ రోడ్డు దాకా సందులో లైటు లేదు. ఇంట్రెస్ట్ సంగతి కాదు, లైటు సంగతి! బ్యాచ్ గంట ముందుకి జరిపితే సగంమంది తిరిగొచ్చారు, అందరూ రాలేదులెండి.

మన దగ్గర ఇంకో కొలత తప్పనిసరి, ఇంటర్. టెన్త్ దాకా ఆడిన పిల్లలు ఇంటర్‌లో చేరగానే బ్యాట్ అటక మీదకి పోద్ది, ఇది మీకు నేను చెప్పాలా. మెంబర్లు పెరిగారు అని రాసేకంటే ఇంటర్ ఫస్టియర్ పిల్లలు పోయినేడు ఎంతమంది మిగిలారు, ఈ ఏడు ఎంతమంది అని రాస్తే ఆ క్లబ్ ఏం సాధించిందో తెలిసిపోద్ది. పోయినేటి లెక్క లేదనుకోండి, చేరిన మొదటి నెల ఆ లెక్క తీయడమే పని, మొదట్లో ఎక్కడున్నామో రాసుకోకుండా మూడేళ్ళ తర్వాత ఏం పోలుస్తారు.

కాప్లాన్, నార్టన్ అని ఇద్దరు మేనేజ్‌మెంట్ నిపుణులు 1992లో చెప్పిన బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డ్ మీ అమ్మాయి బీబీఏలో చదివే ఉంటది. డబ్బు, కస్టమర్, లోపలి పనితీరు, నేర్చుకోవడం అని నాలుగు వైపుల నుంచి చూడటం. కంపెనీకైతే డబ్బు పైన ఉంటది, క్లబ్‌కి పిల్లలు పైకొచ్చి డబ్బు కిందకి పోద్ది. అంతే తేడా. కొలతలు ఐదారుకి మించొద్దని చెప్పండి, ముప్ఫై పెడితే కోచ్ రెండో వారానికే రాయడం మానేస్తాడు.

భవిష్యత్తు అంటారా. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కి, అంటే సమాజానికి పనికొచ్చే పనులకి, పెట్టాలి, క్రీడల ట్రైనింగ్ కూడా అందులో ఉంది. సీఎస్ఆర్ బాధ్యత 10 కోట్లు, ఆ పైన ఉన్న కంపెనీలు, కోటి రూపాయలు, అంతకు మించిన ప్రాజెక్టులకి బయటివాళ్ళతో ఫలితాల పరిశీలన చేయించాలని 2021లో రూల్ వచ్చింది. అంటే ఈ లెక్కలు తీయగలిగిన మనుషులు కావాలి. తర్వాత చదవాలంటే ఐఐఎం రోహ్‌తక్‌లో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ డిప్లొమా ఉంది, కానీ ముందు ఎక్సెల్ గట్టిగా నేర్చుకోమనండి. స్కూల్లో ఆటలు నేర్పే పీఈటీ లైను వేరు, దానికి బీపీఈడీ లాంటి వ్యాయామ విద్య కోర్సు కావాలి, రెండూ కలపొద్దు.

బ్యాంక్ మాట తప్పని నేననను. ఐబీపీఎస్ పీఓకి 30 ఏళ్ళ దాకా టైముంది, క్లర్క్‌కి 28. ఒక్క ఏడాది ఇది చేయనివ్వండి, పొద్దున పూట ప్రిపరేషన్ పెట్టుకోమనండి, క్లబ్ పని ఎటూ సాయంత్రమే ఎక్కువ.

చేరే ముందు మాత్రం మీరూ అమ్మాయీ ఒకసారి వెళ్ళి సెక్రటరీ గారిని పోయినేటి అటెండెన్స్ రిజిస్టర్ చూపించమనండి. తీసి చూపిస్తే సంతోషం. కోచ్ గారింట్లో ఉందండీ, రేపు తెప్పిస్తా అంటే జీతం ఇంకో రెండు వేలు ఎక్కువడగండి, ఎందుకంటే ఆ రిజిస్టర్ కొత్తగా మొదలెట్టాల్సింది మీ అమ్మాయే.