పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఓడ వెనక 'డగ్లస్' అని రాసి ఉంటే

ప్రశ్న: మా అబ్బాయికి థర్డ్ మేట్‌గా (ఓడలో జూనియర్ ఆఫీసరు) ఓడ ఖాయమైంది. కాగితాల్లో ఫ్లాగ్ (ఓడ ఎక్కడ రిజిస్టరైందో చెప్పేది) అన్నచోట ఐల్ ఆఫ్ మ్యాన్ అని, రిజిస్ట్రీ పోర్టు డగ్లస్ అని ఉంది. ఏజెంటు 'బ్రిటిష్ ఓడేనండీ' అంటున్నాడు. అది బ్రిటనా, వేరే దేశమా? మావాడికి ఎవరి చట్టం వర్తిస్తుంది?
– ఒక తండ్రి, మల్కాపురం

జవాబు: ఏజెంటు మాట తప్పు కాదు గానీ, అది సగం మాటే. ఐల్ ఆఫ్ మ్యాన్ ఇంగ్లండుకూ ఐర్లండుకూ నడుమ ఉన్న దీవి. విస్తీర్ణం 572 చదరపు కిలోమీటర్లు, 2021 లెక్కల్లో జనం 84,069. డగ్లస్ దాని రాజధాని. అది యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కాదు, పూర్తి స్వతంత్ర దేశమూ కాదు. బ్రిటన్ రాజు కింద ఉంటుంది, లండన్ పార్లమెంటుకు మాత్రం ఒక్క ఎంపీనీ పంపదు. రక్షణ, విదేశీ వ్యవహారాలు బ్రిటన్ చూస్తుంది, అందుకు దీవి సొమ్ము చెల్లిస్తుంది. పన్నులు, పోలీసు, బడులు, ఆస్పత్రులు, ఓడల రిజిస్ట్రీ అన్నీ దీవి ప్రభుత్వానివే.

ఈ చిత్రమైన హోదాకు కారణం 1765లో ఉంది. అప్పటిదాకా దీవి ఒక ప్రభువుల కుటుంబం సొత్తు. అక్కడినుంచి సాగే దొంగరవాణాను ఆపడానికి బ్రిటన్ 70,000 పౌండ్లు ఇచ్చి ఆ హక్కులు కొనేసింది. కొన్నది రాజు పేరు మీద. బ్రిటన్‌లో కలపలేదు. అందుకే ఇప్పటికీ రాజుకు అక్కడ 'లార్డ్ ఆఫ్ మ్యాన్' అనే వేరే బిరుదు.

ఇక అబ్బాయి సంగతి. ఓడలో ఉద్యోగ నియమాలు, భద్రత, ఫిర్యాదులు ఆ దీవి చట్టం కిందికి వస్తాయి. ఓడ మన రేవులో ఉన్నప్పుడు మన అధికారులూ ఎక్కి తనిఖీ చేయవచ్చు. మన దేశంలో తీసుకున్న ఆఫీసర్ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, దాన్ని గుర్తిస్తూ డగ్లస్ రిజిస్ట్రీ ఇచ్చే పత్రం, అంటే ఎండార్స్‌మెంట్ కూడా ఉండాలి. దరఖాస్తు సాధారణంగా కంపెనీయే పెడుతుంది. అది చేతికి రాకముందే ఓడ ఎక్కాల్సి వస్తే, దరఖాస్తు పెట్టినట్టు రుజువు వెంట ఉండాలి. ఆ రుజువు మీద మూడు నెలలకు మించి పనిచేయడం కుదరదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, సర్టిఫికెట్‌లో పొడి అక్షరంగా ఉండటం మన తెలుగువాళ్లకు మామూలు. అది చిక్కు తెచ్చిపెడుతుంది కాబట్టి ముందే సరిచేయించండి. అసలు సర్టిఫికెట్ గడువు తీరితే ఎండార్స్‌మెంటూ చెల్లదని గుర్తుంచుకోండి.

ఓడ ఎక్కగానే ఫిర్యాదుల విధానం రాసిన కాగితం అబ్బాయికి ఇవ్వాలి. ఇవ్వకపోతే అడిగి తీసుకోమనండి. మామూలుగా మొదట పైఅధికారికి, తర్వాత కెప్టెన్‌కు చెప్పుకుంటారు. అవసరమైతే నేరుగా డగ్లస్‌కే రాసే హక్కూ ఉంది. నావికులను ఉద్యోగాల్లో పెట్టడానికి మన షిప్పింగ్ డైరెక్టరేట్ ఇచ్చే ఆర్పీఎస్ఎల్ లైసెన్సు ఏజెంటుకు ఉందో లేదో కూడా ఈలోగా చూసుకోండి. అన్నిటికంటే ముందు చూడాల్సింది నిజానికి అదే.

ప్రశ్న: గ్రూప్స్‌కు చదువుతున్నాను. అండమాన్‌కూ లెఫ్టినెంట్ గవర్నరే, ఐల్ ఆఫ్ మ్యాన్‌కూ లెఫ్టినెంట్ గవర్నరే. రెండు పదవులూ ఒకటేనా? అక్కడ చట్టం ఎలా తయారవుతుంది?
– ఒక అభ్యర్థి, ద్వారకానగర్

జవాబు: పేరొకటే, పని వేరు. అండమాన్‌కు శాసనసభ లేదు. కేంద్రం తరఫున లెఫ్టినెంట్ గవర్నరే పాలన నడుపుతారు. ఐల్ ఆఫ్ మ్యాన్‌లో ఆయన రాజు ప్రతినిధి మాత్రమే. పాలించేది ముఖ్యమంత్రి, మంత్రిమండలి.

శాసనసభ పేరు టిన్వాల్డ్. అందులో రెండు సభలు. హౌస్ ఆఫ్ కీస్‌లో 24 మంది. 12 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ఇద్దరు, పదవీకాలం అయిదేళ్లు. పదహారేళ్లు నిండితే ఓటు. ఎక్కువమంది పార్టీలు లేకుండా స్వతంత్రులుగానే గెలుస్తారు. రెండోది 11 మంది ఉండే లెజిస్లేటివ్ కౌన్సిల్. వారిలో ఎనిమిది మందిని కీస్ సభ్యులే ఎన్నుకుంటారు. మన ఎమ్మెల్యేలు రాజ్యసభకు పంపినట్టు అనుకోండి. అయితే మన దగ్గర లోక్‌సభ, రాజ్యసభ ఉమ్మడిగా కూర్చుని బిల్లు మీద ఓటేయడం చాలా అరుదు. అక్కడ రెండు సభలూ ఒకే హాల్లో కలిసి కూర్చోవడం నెలనెలా జరిగే పని. ఓట్లు మాత్రం ఏ సభకు ఆ సభ లెక్క.

బిల్లు సాధారణంగా కీస్‌లో మొదలై, కౌన్సిల్ దాటి, సభ్యుల సంతకాలు పడ్డాక రాజామోదానికి వెళ్తుంది. చాలా బిల్లులకు ఆ ఆమోదం లెఫ్టినెంట్ గవర్నరే ఇస్తారు. కథ అక్కడితో అయిపోదు. సెయింట్ జాన్స్ గ్రామంలో నాలుగు అంతస్తుల మట్టిదిబ్బ ఉంది. దీవిలోని 17 పారిష్‌ల (పాత స్థానిక విభాగాల) మట్టీ అందులో ఉందని అక్కడివారి నమ్మకం. జులై 5న, అది శని ఆదివారాల్లో పడితే సోమవారం, సభ్యులు రెల్లు పరిచిన దారిలో నడిచివచ్చి ఆ దిబ్బ మీద కూర్చుంటారు. కొత్త చట్టాల పేర్లను ఇంగ్లిష్‌లోనూ దీవి సొంత భాష మ్యాంక్స్‌లోనూ జనం ముందు చదువుతారు. ఇది ఉత్త వేడుక కాదు. ఆమోదం పొందిన 18 నెలల్లోపు ఇలా చదవకపోతే ఆ చట్టం రద్దయిపోతుంది. ప్రజలకు వినిపించకుండా వారి మీద చట్టం రుద్దకూడదన్న పాత నార్స్ (వైకింగుల) పద్ధతిని ఇంత గట్టిగా పట్టుకున్నందుకు ఆ దీవిని మెచ్చుకోవాలి.

ఆ రోజే ఎవరైనా దిబ్బ పాదం దగ్గరికి వచ్చి అర్జీ ఇవ్వవచ్చు. సోమవారాలు మన కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీలాంటిదే. తేడా ఏమిటంటే, అది నేరుగా శాసనసభకు చేరుతుంది. నిబంధనల ప్రకారం ఉంటే ఎవరో ఒక సభ్యుడు దాన్ని చేపట్టి సభ ముందు పెట్టవచ్చు. సభ్యుడెవరూ చేపట్టకపోతే మాత్రం ముందుకు కదలదు.

పరీక్షకు పనికొచ్చేది మరొకటి: ఆస్తి ఉన్న అవివాహితలకు, వితంతువులకు 1881లోనే అక్కడ ఓటుహక్కు వచ్చింది.

ప్రశ్న: బడి ప్రాజెక్టుకు మా పాప ఐల్ ఆఫ్ మ్యాన్ మూడు కాళ్ల జెండా గీస్తోంది. నెట్‌లో ఒక్కోచోట ఒక్కోలా ఉంది. ఏది సరైనది?
– ఒక తల్లి, ఎంవీపీ కాలనీ

జవాబు: నేల మీద ఎగిరేది 1932 డిసెంబరు 1 నుంచి వాడుకలో ఉన్నది. పొడవు వెడల్పుకు రెట్టింపు, అంతా ఎరుపు, నడుమ మూడు కాళ్లు. ముందు మధ్యలో ఒక చుక్క పెట్టించి, దానినుంచి 120 డిగ్రీల ఎడంతో మూడు గీతలు గీయించండి. అవే తొడలు. ప్రతి గీత చివర మోకాలు వంచాలి. మూడూ గడియారం ముళ్లు తిరిగే వైపే పరుగెత్తుతున్నట్టు ఉండాలి. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. కాళ్లకు తెల్లని ఉక్కు కవచం, మడమల దగ్గర బంగారు రంగు ముళ్లు. కాళ్ల నడుమ స్త్రీ ముఖం, గోధుమ కంకులు కనిపిస్తే అది ఇటలీలోని సిసిలీ జెండా. మూలన బ్రిటన్ జెండా, కుడివైపు కాళ్లు ఉంటే అది 1971లో అనుమతి పొందిన ఓడల జెండా. మల్కాపురం అబ్బాయి ఓడ వెనక ఎగిరేది అదే. రేవులో ఓడ స్తంభం మీద మన జెండా కూడా కనిపిస్తుంది, అది మర్యాదకు కట్టేది.

1996లో మంజూరైన రాజముద్రలో కాళ్ల బొమ్మ ఉన్న డాలుకు ఒకవైపు డేగ, మరోవైపు బొంతకాకి ఉంటాయి. 1405లో ఇంగ్లండు రాజు నాలుగో హెన్రీ దీవిని జాన్ స్టాన్లీకి ఇస్తూ, ప్రతి పట్టాభిషేకానికీ రెండు డేగలు సమర్పించాలని షరతు పెట్టాడు. అది 1821 దాకా సాగింది. బొంతకాకి దీవిని ఏలిన నార్స్ వారి గుర్తు. కింద లాటిన్‌లో ఉన్న మాటకు 'ఎటు విసిరినా నిలబడుతుంది' అని అర్థం. పాప ఆ బొమ్మను ఏ వైపు తిప్పి చూసినా ఎందుకో తెలిసిపోతుంది.

ప్రశ్న: ఆ దీవి నోట్లు ఇక్కడ మారతాయా?
– ఒక నావికుడు, గాజువాక

జవాబు: విలువలో బ్రిటన్ పౌండుతో సమానమే, కానీ దీవి బయట ఆ నోట్లు తీసుకునేవారు అరుదు. దీవి వదిలేముందే అక్కడి బ్యాంకులో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోట్లుగా మార్చుకోండి.