ప్రయాణ సందేహాలు: వియన్నా సదస్సుకు వెళ్లేవారికి

ప్రశ్న: జియోఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. యూరోపియన్ జియోసైన్సెస్ యూనియన్ వియన్నాలో జరిపే వార్షిక సదస్సుకు నా పోస్టర్ ఎంపికైంది. ఐదు రోజుల సదస్సు అయ్యాక మూడు రోజులు చెక్ రాజధాని ప్రేగ్ చూడాలని ఉంది. వీసా ఏ దేశానికి పెట్టుకోవాలి? ఎప్పుడు?
– పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఆస్ట్రియాకే పెట్టుకోండి. మీకు ఇచ్చేది షెంగెన్ వీసా, అంటే సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాలన్నిటికీ ఉమ్మడిగా చెల్లే వీసా. దానితో ప్రేగ్ కూడా వెళ్లొచ్చు. అసలు పని ఎక్కడ ఉందో, ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు ఇవ్వాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు తీసుకుంటారు. ఆఖరి గడువును మాత్రం నమ్ముకోవద్దు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది, అదనపు పరిశీలన అవసరమైతే 45 రోజులు. అపాయింట్‌మెంట్ కోసం ఆగాల్సిన రోజులు దీనికి అదనం. అంగీకార లేఖ రాగానే స్లాట్ వెతకండి. ఫీజు 90 యూరోలు, సర్వీస్ చార్జి వేరు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేలా ఉండాలి.

తరచూ ఇబ్బంది పెట్టేది ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారన్న విషయం. టికెట్, రిజిస్ట్రేషన్ యూనివర్సిటీ భరించి, హోటల్ ఖర్చు మీదే అయితే ఆ మాట యూనివర్సిటీ లేఖలో అలాగే ఉండాలి. దరఖాస్తుకు వారం ముందు నాన్నగారు మీ ఖాతాలో ఒకేసారి మూడు లక్షలు వేస్తే అది అనుమానానికి దారితీస్తుంది. దాని బదులు ఆయన స్పాన్సర్‌షిప్ లేఖ, ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు జతచేయండి.

వీసా చేతికి వచ్చాక స్టిక్కర్ చదవండి. ‘ఫ్రమ్’, ‘అంటిల్’ తేదీల మధ్య పాతిక రోజులు కనిపించినా, కింద ‘డ్యూరేషన్ ఆఫ్ స్టే’ దగ్గర 10 అని ఉంటే మీరు ఉండగలిగేది పది రోజులే. ప్రయాణం ముందూ వెనకా జరిగితే ఇబ్బంది లేకుండా మామూలుగా మరో 15 రోజులు కలిపి తేదీలు వేస్తారు. అవి ఉండటానికి ఇచ్చినవి కావు. దిగిన రోజు, బయలుదేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. రాత్రి 11 గంటలకు దిగినా అది ఒక రోజే.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా టికెట్ చూశాను. అక్కడ విమానం మారడానికి గంటంపావు ఉంది. సరిపోతుందా?
– అసిస్టెంట్ ప్రొఫెసర్, వరంగల్

జవాబు: ఆ టికెట్ కొనకండి. షెంగెన్ దేశాల్లో మీరు మొదట దిగేది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాబట్టి ఇమిగ్రేషన్ వియన్నాలో కాదు, అక్కడే జరుగుతుంది. 2025 అక్టోబర్ 12న యూరప్ కొత్త ఎంట్రీ–ఎగ్జిట్ విధానం మొదలుపెట్టింది. ముఖం ఫొటో తీసి రాకపోకలను కంప్యూటర్లో నమోదు చేస్తారు, క్యూలో ఆలస్యమవుతుంది. రెండున్నర, మూడు గంటలు ఉండేలా చూసుకోండి. ఆహ్వాన లేఖ, హోటల్ బుకింగ్, ఇన్సూరెన్స్ కాగితాలు చెకిన్ పెట్టెలో పెట్టొద్దు. ఇమిగ్రేషన్ ఆఫీసర్ వాటిని అడిగేది ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే.

ప్రశ్న: మా అమ్మాయి వెళ్తోంది. పచ్చళ్లు, నెయ్యి పంపొచ్చా?
– ఓ తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: ఆవకాయ పంపండమ్మా. కాకపోతే గట్టిగా సీల్ చేసి చెకిన్ సామానులోనే పెట్టాలి. చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర ద్రవపదార్థం కిందే లెక్కకట్టి తీసేస్తారు. కందిపొడి, కారప్పొడి నిశ్చింతగా పంపొచ్చు. నెయ్యి, పనీర్, చికెన్ పచ్చడి వద్దు. బయటి దేశాల నుంచి వచ్చేవారు మాంసం, పాల ఉత్పత్తులు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. పచ్చి కరివేపాకు, మామిడికాయలకు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (చీడపీడలు లేవని ఇచ్చే ధ్రువపత్రం) కావాలి కాబట్టి అవీ మానుకోండి.

సదస్సు సోమవారం మొదలవుతుంది కాబట్టి చాలామంది ఆదివారం దిగుతారు. ఆ రోజు వియన్నాలో దుకాణాలు దాదాపు అన్నీ మూసే ఉంటాయి. ప్రాటర్‌స్టెర్న్ లాంటి పెద్ద స్టేషన్లలోని సూపర్‌మార్కెట్లు తెరిచి ఉంటాయి. సదస్సు వేదికకు వెళ్లే యూ1 మెట్రో లైను మీదే ఆ స్టేషన్. నీళ్ల సీసాలు కొనక్కర్లేదు. కుళాయి నీళ్లు ఆల్ప్స్ ఊటల నుంచి వస్తాయి, నేరుగా తాగొచ్చు.

ప్రశ్న: పోస్టర్, చార్జర్లు, డబ్బు... వీటికేం జాగ్రత్తలు?
– రీసెర్చ్ స్కాలర్, తిరుపతి

జవాబు: ఏ0 సైజు పోస్టర్ 84.1 × 118.9 సెం.మీ. అడ్డమా నిలువా అన్నది నిర్వాహకుల సూచనల్లో చూసుకున్నాకే ప్రింట్ ఇవ్వండి. గుడ్డ మీద ప్రింట్ చేయిస్తే మడిచి పెట్టెలో పెట్టుకోవచ్చు. కాగితపు పోస్టరైతే పొడవాటి ట్యూబు మోయాలి, చిన్న విమానాల్లో దానికి చోటు దొరకదు. కరెంటు మన 230 వోల్టులే. సన్నటి రెండు పిన్నుల ఫోన్ చార్జర్ పడుతుంది గానీ లాప్‌టాప్ మూడు పిన్నుల ప్లగ్ పట్టదు, అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి. పవర్‌బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్ అంటే దాదాపు 74 వాట్ అవర్లు, విమానంలో అనుమతించే 100 లోపే కాబట్టి సరే.

కార్డులో అంతర్జాతీయ వాడకాన్ని బ్యాంకు యాప్‌లో బయలుదేరే ముందే ఆన్ చేసుకోండి. అక్కడ మెషీన్ ‘రూపాయల్లో తీసుకోవాలా, యూరోల్లోనా’ అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకపు రేటు మీ బ్యాంకుది కాకుండా ఆ మెషీన్ వాళ్లది పడుతుంది, సాధారణంగా అది ఎక్కువే.