పాత ల్యాప్‌టాప్‌పై ఇంకా ఎంత ఖర్చు పెట్టవచ్చు?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో సీఎస్ఈ ఏఐ-ఎంఎల్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనిచ్చాను. ఐదో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్. చాలా నెమ్మదిగా నడుస్తోంది. పది వేలు పెడితే 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ వేసి, విండోస్ 11 ఎక్కించి కొత్తదానిలా చేసిస్తామని షాపువారు అంటున్నారు. అప్పు చేసైనా గ్రాఫిక్స్ కార్డున్నది కొనకపోతే ఏఐలో వెనకబడతాడని బంధువులు అంటున్నారు. ఏది మేలు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఏటా కాలేజీలు తెరిచిన కొద్ది రోజులకే ఈ ప్రశ్న వస్తుంది. ల్యాప్‌టాప్ మోడల్ మారుతుంది గానీ, పిల్లవాడు వెనకబడిపోతాడేమోనన్న భయం మారదు. కాబట్టి ముందు ఆ భయానికే సమాధానం చెబుతాను. మొదటి రెండేళ్లలో మీ అబ్బాయి చేయవలసిన సీ, పైథాన్, జావా, డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్ ల్యాబ్ పనుల్లో ఈ మెషీన్ చేయలేనివి ఏవీ లేవు. ఇప్పుడు అతన్ని ఇబ్బంది పెడుతున్నది ప్రాసెసర్ కంటే ఎక్కువగా ఆ పాత హార్డ్ డిస్క్, చాలీచాలని ర్యామ్. హార్డ్ డిస్క్ స్థానంలో దానికంటే చాలా వేగంగా పనిచేసే 256 జీబీ ఎస్ఎస్‌డీ వేయించి, ర్యామ్‌ను 8 జీబీకి పెంచితే తేడా మొదటి రోజే తెలుస్తుంది. అంతవరకు ధైర్యంగా ఖర్చు పెట్టండి.

అక్కడితో ఆగండి. ఆ తరం పల్చటి ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌ను మదర్‌బోర్డుకే అతికించి ఉంటారు కాబట్టి దాన్ని మార్చలేరు, గ్రాఫిక్స్ కార్డును లోపల అదనంగా చేర్చలేరు. కొన్ని మోడళ్లలో ర్యామ్‌లో కొంత భాగం కూడా బోర్డుకే అతికి ఉండి ఒక్క స్లాటే మిగులుతుంది. అలాంటి వాటిలో షాపువారు చెప్పిన 16 జీబీ పట్టకపోవచ్చు. పైగా ఆ కాలపు డీడీఆర్3ఎల్ ర్యామ్ రేపు కొనే కొత్త మెషీన్‌కు పనికిరాదు. ఎస్ఎస్‌డీ అయితే చిన్న కేసులో పెట్టుకుని బయటి డ్రైవుగానైనా వాడుకోవచ్చు.

విండోస్ 11 విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మైక్రోసాఫ్ట్ దాదాపుగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే దాన్ని అనుమతిస్తోంది. తనిఖీని తప్పించి ఐదో తరంలో ఎక్కించవచ్చు గానీ, ఆ తర్వాత అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఉండదు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్‌కు బదులు ఉబుంటు 24.04 అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే 2029 వరకు భద్రతా అప్‌డేట్లు అందుతాయి, ప్రోగ్రామింగ్ చదివేవాడికి లినక్స్ అలవాటు ఎలాగూ మంచిదే. విండోస్ తప్పనిసరి అనే ఆన్‌లైన్ పరీక్షలు కొన్ని ఉంటాయి. వాటికి కాలేజీ ల్యాబ్ వాడుకోవచ్చు.

గ్రాఫిక్స్ కార్డు కోసం అప్పు చేయవద్దు. గూగుల్ కోల్యాబ్, కాగుల్ అనే వెబ్‌సైట్లలో విద్యార్థులు బ్రౌజర్ నుంచే జీపీయూను (గ్రాఫిక్స్ ప్రాసెసర్‌ను) ఉచితంగా వాడుకోవచ్చు. వాటికి సమయ పరిమితులున్నా నేర్చుకునే దశకు అవి చాలు.

ఇక ఈ బ్రాంచి గురించి నాకున్న అనుమానాన్ని కూడా దాచను. ఒక బ్రాంచిలో ఇన్ని సీట్లే ఉండాలన్న గరిష్ఠ పరిమితిని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 2024-25 నుంచి ఎత్తివేసింది. కంప్యూటర్ బ్రాంచిలలో సీట్లు పెరిగినంత వేగంగా వాటిని చెప్పగల అధ్యాపకులు పెరిగారని నేను అనుకోను. పేరులో ఏఐ ఉన్నా, చాలా కాలేజీల్లో తొలి సంవత్సరాల పాఠాలు మామూలు సీఎస్ఈకి పెద్దగా భిన్నంగా ఉండవు. ఆ రంగానికి అసలు పునాది లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ. అవి మన పిల్లలు పరీక్ష ముందు రోజు బట్టీపట్టి వదిలేసే ఎం-1, ఎం-2 గణితం పేపర్ల వంటి వాటిలోనే ఉంటాయి. కొంచెం కటువుగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి: మీరు ప్రాసెసర్ ఎన్నో తరమో రాశారు, ర్యామ్ ఎంతో రాశారు; అబ్బాయికి గణితం ఎలా సాగుతోందో, ఈ బ్రాంచి అతను కోరుకున్నదో కాదో ఒక్క వాక్యం కూడా రాయలేదు. ల్యాప్‌టాప్ గురించి బంధువులను అడిగారే గానీ, దాన్ని వాడే అబ్బాయిని అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

కొత్తది కొనే ఆలోచనను మూడో సంవత్సరానికి వాయిదా వేయండి. ఏ పని చేయబోతున్నాడో అప్పటికి అతనికే కొంత స్పష్టత వస్తుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు చేస్తానంటే 16 జీబీ ర్యామ్ ఉన్నది కావాలి, వెబ్ పనికైతే అంతకంటే తక్కువతోనూ సరిపెట్టుకోవచ్చు. ప్రస్తుతానికి ఎస్ఎస్‌డీకి ఎంత, ర్యామ్‌కు ఎంత, చేతిపనికి ఎంత అని షాపువారి చేత విడివిడిగా రాయించి, అబ్బాయిని కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీకి (చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు) వెళ్లి నాలుగు చోట్ల ధర అడగమనండి. వెనుక మూత తీసేటప్పుడు పక్కనే ఉండి ర్యామ్ స్లాట్లు ఎన్ని ఉన్నాయో చూడమనండి. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే ముందు దాన్ని తీయించాకే మిగతా పని.