పాత్‌ఫైండర్ క్లబ్బు దరఖాస్తుకు జవాబు రాకపోతే

మీ అమ్మాయిని పాత్‌ఫైండర్ క్లబ్బులో, అంటే సెవెంత్‌డే అడ్వెంటిస్టు అనే క్రైస్తవ సంఘం పిల్లల కోసం నడిపే క్లబ్బులో, చేర్చడానికి దరఖాస్తు పంపి మూడు వారాలైనా జవాబు రాలేదని, మీరు బాప్టిస్టులు కావడమే కారణమా అని అడిగారు. అది కారణం కాకపోవచ్చు. ఆ దరఖాస్తును రాజాం నుంచి నేరుగా ప్రాంతీయ కార్యాలయానికి పంపడమే కారణమై ఉంటుంది. అడ్వెంటిస్టు సంఘం 1950లో ప్రపంచవ్యాప్త కార్యక్రమంగా స్వీకరించిన ఈ క్లబ్బును ప్రతిచోటా స్థానిక సంఘమే నడుపుతుంది గనుక, పిల్లలను చేర్చుకొనేది కూడా అక్కడి క్లబ్బు డైరెక్టరే. క్లబ్బు ప్రతిజ్ఞకు, నియమానికి కట్టుబడే 10 నుంచి 15 ఏళ్ల పిల్లలు ఏ సంఘంవారైనా చేరవచ్చు.

1. మీకు అందుబాటులో ఉన్న అడ్వెంటిస్టు సంఘానికి శనివారం వెళ్లి, ఆరాధన ముగిశాక పాస్టరుగారిని కలిసి, అక్కడ క్లబ్బు నడుస్తున్నదో లేదో అడగండి.

2. తల్లిదండ్రుల అంగీకారపత్రంతోపాటు ఆరోగ్య వివరాల పత్రాన్ని పూర్తిగా నింపండి. చాలామంది సంతకం చేసి మిగతా గడులు వదిలేస్తారు. నేను సహాయకుడిగా వెళ్లిన ఒక శిబిరంలో, ఒక బాబుకు ఉబ్బసం ఉన్న సంగతి రాత్రి పది దాటాక, అతనికి ఆయాసం మొదలయ్యాక గాని మాకు తెలియలేదు. ఆ రాత్రి భయం నన్నింకా వదల్లేదు. మన వైపు తోటల్లో పచ్చి జీడిపిక్క రసం తగిలితే చర్మం పొక్కుతుంది గనుక, మీ అమ్మాయికి అలాంటివి పడకపోతే ఆ సంగతి, వాడే మందు, మోతాదు, రాత్రివేళ కూడా ఎత్తే ఫోను నంబరు తప్పక రాయండి.

3. యూనిఫాం ఇప్పుడే కుట్టించకండి. డైరెక్టరు కొలతలు, రంగు చెప్పాక చాలు. పదకొండేళ్లు గనుక అమ్మాయి క్లబ్బులో ఆ వయసువారికి ఉండే కంపానియన్ తరగతిలో మొదలుపెడుతుంది.