చంద్రుడి ఫోటోల నుంచి ఎత్తులు లెక్కగట్టే ముందు

చి. ల. సౌ. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

చంద్రుడి ఫోటోల్లోని వెలుగునీడలను బట్టి నేల ఎత్తుపల్లాలు రాబట్టే ప్రాజెక్టు చేతికొచ్చిందని రాశావు. సంతోషం. ప్రోగ్రాము నడపడం మీ ల్యాబులో ఎవరైనా నేర్పుతారు, దాని జోలికి నేను పోను.

పిక్సెల్ వెలుగు నీకు చెప్పేది వాలు సంగతే, ఎత్తు సంగతి కాదు. అదీ ముఖ్యంగా సూర్యుడున్న దిశలో వాలు. అడ్డంగా ఉన్న వాలు ఆ ఫోటోలో దాదాపు కనబడదు. పిక్సెల్ తర్వాత పిక్సెల్ వాలులన్నీ కూడుకుంటూ పోతేనే ఎత్తు వస్తుంది, వాటితో పాటు తప్పులూ పోగవుతాయి. పటం మీద సూర్యుడి దిశలో చారలు తేలితే అవి చంద్రుడివి కావు, నీ కూడికవి. కాబట్టి వేర్వేరు దిక్కుల నుంచి ఎండ పడిన ఫోటోలు కలిపి వాడు. 2009లో వెళ్లిన, చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక ఎల్‌ఆర్‌ఓ అరమీటరు పిక్సెళ్లతో చాలా చోట్లను పదే పదే తీసింది. దాని లేజర్ కొలతలతో నేల పెద్ద ఆకారాన్ని కట్టేసి, చిన్న గుంటలూ బండలూ మాత్రమే ఫోటోలకు వదిలెయ్యి.

ఇక నేల రంగు. అసలు తంటా అంతా దీనితోనే. ఓషనస్ ప్రొసెల్లారమ్ మైదానంలో రైనర్ గామా అనే తెల్లటి సుడి ఉంది. అక్కడ నేల చదునే, పైమట్టి మాత్రం తెలుపు. ఒక్క ఫోటో ఇచ్చి చూడు, నీ ప్రోగ్రాము అక్కడ లేని గుట్టలన్నీ కట్టి పెడుతుంది. ముందు ఈ సరదా తీర్చుకో, ఆ తర్వాత నీ ప్రాంతానికి వెళ్లు. విరుగుడు ఉంది: సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పటి ఫోటో పక్కన పెట్టుకో. మచ్చ అందులోనూ ఉంటే చాలావరకు రంగే, మాయమైతే వాలు.

పుస్తకాల్లో మొదట కనిపించే లాంబర్ట్ సూత్రాన్ని (నేల వెలుగు ఎండ పడే కోణాన్ని బట్టే ఉంటుంది, ఎటునుంచి చూసినా ఒకటే అనేది) చంద్రుడి మీద యథాతథంగా వాడకు. ఈసారి పున్నమికి మేడ మీదికెళ్లి చూడు. లాంబర్ట్ ప్రకారమైతే బింబం అంచులు మసకబారాలి. కానీ అంచు కూడా నడిమి భాగంలాగే వెలుగుతూ ఉంటుంది. చంద్రుడి పొడిమట్టి వెలుగుకు సరిపడే హాప్కే నమూనాయో, లూనార్-లాంబర్ట్ సూత్రమో తీసుకో.

నీడ పడిన చోట సమాచారమే లేదు, అక్కడ ఖాళీ వదిలెయ్యి. దక్షిణ ధ్రువం దగ్గర సూర్యుడు దిగంతాన్ని అంటుకునే తిరుగుతాడు కనుక పటంలో సగం ఖాళీగా మిగిలినా సిగ్గుపడకు. అయితే సరిచూసుకోవడానికి నీడే మంచి సాక్షి. సూర్యుడు 10 డిగ్రీల ఎత్తున ఉండగా చదును నేల మీద 100 మీటర్ల నీడ పడితే గట్టు ఎత్తు సుమారు 17.6 మీటర్లు. నీ పటం 30 చెబితే పటమే తప్పు. చంద్రయాన్-2 హై రిజల్యూషన్ కెమెరా ఫోటోల్లో పిక్సెల్ పావు మీటరే, బండల నీడలు కొలవడానికి అవి భేషుగ్గా ఉంటాయి.

మొదటి పటం తయారయ్యాక నాకు పంపు. సూర్యుడు ఏ వైపున ఉన్నాడో బాణం గుర్తు తప్పకుండా పెట్టు. అది లేకపోతే గుంటేదో గుట్టేదో తేలదు, నేను చూడను కూడా.

ఇట్లు,
మావయ్య